‘ఒకరినొకరు ప్రేమించండి’ అన్న ఆజ్ఞకు ఎల్లలున్నాయా?

2025 జనవరి చివర్లో అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ ఒక టీవీ ఇంటర్వ్యూలో అన్న మాట పెద్ద చర్చకు దారితీసింది. ముందు కుటుంబం, తర్వాత ఇరుగుపొరుగు, ఆ తర్వాత సమాజం, ఆపైన తోటి పౌరులు, చివరికి మిగతా ప్రపంచం, ఈ వరుసలో ప్రేమించాలన్నది పాత క్రైస్తవ భావన అని ఆయన అన్నారు. వలసదారుల విషయంలో తమ ప్రభుత్వ వైఖరిని సమర్థించుకునే సందర్భం అది. ఫిబ్రవరి 10న పోప్ ఫ్రాన్సిస్ అమెరికా బిషప్పులకు ఒక లేఖ రాశారు. అందులో వాన్స్ పేరెత్తలేదు గానీ, క్రైస్తవ ప్రేమ అంటే మన స్వప్రయోజనాల వలయాలు కొంచెం కొంచెంగా విస్తరిస్తూ పోవడం కాదన్నారు. ప్రేమకు నిజమైన క్రమమేదో తెలుసుకోవాలంటే యేసు చెప్పిన మంచి సమరయుని కథను ధ్యానించమన్నారు. దొంగల దెబ్బలకు దారిలో పడున్నవాణ్ణి ఇద్దరు చూసి కూడా దాటిపోతే, మూడోవాడైన పరాయి సమరయుడు ఆదుకున్న కథ అది.

వాన్స్ 2019లో కేథలిక్ సంఘంలో చేరిన మనిషి. కాబట్టి ఇది సంఘం లోపలివాళ్లకూ బయటివాళ్లకూ మధ్య తగువు కాదు. ఒకే గ్రంథం చదివేవాళ్లు, ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లు ఒకే ఆజ్ఞను రెండు రకాలుగా చెబుతున్నారు. ఈ తగువు కొత్తది కూడా కాదు. ఆ ఆజ్ఞ ఎవరితో, ఎప్పుడు, ఏ కొలతతో చెప్పారో చూస్తే తప్ప తగువు ఎక్కడ మొదలవుతుందో తెలియదు.

యూదా వెళ్లిపోయాక చెప్పిన మాట

యోహాను సువార్త 13వ అధ్యాయం యేసు అరెస్టు కాబోయే రాత్రిని వర్ణిస్తుంది. భోజనం మధ్యలో ఆయన లేచి, నడుముకు తువాలు కట్టుకుని, శిష్యుల పాదాలు కడిగాడు. ఆ కడిగించుకున్నవారిలో కాసేపట్లో ఆయన్ను పట్టించబోయే యూదా కూడా ఉన్నాడు. తర్వాత యూదా రొట్టెముక్క తీసుకుని చీకట్లోకి వెళ్లిపోయాడు. అతను వెళ్లాకే ఈ మాట వినిపిస్తుంది: “మీరు ఒకరి నొకరు ప్రేమింపవలెనని మీకు క్రొత్త ఆజ్ఞ ఇచ్చుచున్నాను.” దాని వెంటనే మరో మాట: మీరు ఒకరిపట్ల ఒకరు ప్రేమగా ఉంటే, దాన్నిబట్టే మీరు నా శిష్యులని అందరికీ తెలుస్తుంది.

ఆ పక్కనే పేతురు, నీ కోసం ప్రాణం పెడతానంటాడు. కోడి కూయకముందే నన్నెరుగనని మూడుసార్లు అంటావని యేసు జవాబు. ఈ వరుస యాదృచ్ఛికమని నేననుకోను. ఒకడు అమ్మేయడానికి వెళ్లాడు, ఇంకొకడు బొంకబోతున్నాడు, మిగిలినవాళ్లు పారిపోబోతున్నారు. అలాంటి మనుషులతో చెప్పిన మాట ఇది. ఒకరికొకరు నచ్చిన మంచివాళ్ల బృందాన్ని ఊహించుకుని చదివితే ఆజ్ఞ చాలా తేలిగ్గా కనిపిస్తుంది.

దీన్ని ‘లోపలివాళ్ల ప్రేమ’గా చదివేవారు యూదా వెళ్లాకే ఆజ్ఞ వచ్చిందని ఎత్తిచూపుతారు. కాదనేవారు యూదా పాదాలు కూడా కడిగిన సంగతి గుర్తుచేస్తారు. రెండూ ఆ అధ్యాయంలోనే ఉన్నాయి.

పాత ఆజ్ఞ ఉండగా ఇది కొత్తదెలా అయింది?

“నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను” అన్నది యేసు కంటే కొన్ని శతాబ్దాల ముందే లేవీయకాండము 19వ అధ్యాయం 18వ వచనంలో ఉంది. అదే అధ్యాయం 34వ వచనం మీ మధ్య నివసించే పరదేశిని కూడా నిన్నువలెనే ప్రేమించమంటుంది. మీరూ ఐగుప్తులో (ఈజిప్టులో) పరదేశులుగా ఉన్నవారే కదా అని కారణం కూడా చెబుతుంది. యూదు ధర్మశాస్త్రం ద్వేషం నేర్పితే యేసు వచ్చి ప్రేమ నేర్పాడన్న ప్రచారం ప్రసంగాల్లో అప్పుడప్పుడు వినిపిస్తుంది. అది తప్పు. యేసు ఆ మాటను తన ప్రజల గ్రంథంలోంచే తీసుకున్నాడు.

కొత్తదనం కొలతలో ఉంది. పాత ఆజ్ఞలో కొలబద్ద ‘నిన్నువలె’. ఇక్కడ ‘నేను మిమ్మును ప్రేమించినట్టే’. మర్నాడు ఆ ప్రేమ సిలువ దాకా వెళ్లింది. యోహాను మొదటి పత్రిక (అంటే లేఖ) రెండో అధ్యాయంలో ఈ ఇబ్బందిని రచయిత ముందే ఊహించినట్టు ఇది పాత ఆజ్ఞే అంటాడు, వెంటనే కొత్తది కూడా అంటాడు.

ఇక్కడే ఒక విభజన చేసుకుంటే తర్వాతి చిక్కులు చాలావరకు విడిపోతాయి. బైబిల్ రెండో భాగమైన కొత్త నిబంధనలో ప్రేమ గురించి కనీసం మూడు వేర్వేరు ఆజ్ఞలున్నాయి. పొరుగువాణ్ణి ప్రేమించమన్నది ఒకటి. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో శత్రువును ప్రేమించమన్నది రెండోది. ఒకరినొకరు ప్రేమించమన్నది మూడోది. మొదటి రెండింటిలో అవతలివాడి నుంచి తిరిగి రావలసిందేమీ లేదు. దెబ్బలు తిని దారిలో పడున్నవాడు తన గాయాలకు కట్టుకట్టినవాడికి బాకీ పడడు. మూడోది అలా కాదు. అది ఇచ్చిపుచ్చుకోవడం. ఇద్దరూ ఆ ఆజ్ఞ కింద ఉన్నవాళ్లే, ఇద్దరూ లెక్క చెప్పాల్సినవాళ్లే. ఈ మూడింటినీ కలిపేసి ‘అందరినీ ప్రేమించాలి’ అని ఒకే ముద్దగా చేసినప్పుడు, ఎవరి మీద ఏ బాధ్యత పడుతుందో తేలకుండా పోతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న సంగతి ప్రధానంగా ఇదే.

కొత్త నిబంధనలోని పత్రికల్లో, అంటే లేఖల్లో, ఈ ‘ఒకరినొకరు’ ఎంత దినసరి విషయంగా ఉంటుందో చూడండి. ఒకరి భారాలు ఒకరు మోయండి. ఒకరి పాపాలు ఒకరితో ఒప్పుకోండి. ఒకరికొకరు బుద్ధి చెప్పుకోండి. పేతురు మొదటి పత్రికలో “సణుగుకొనకుండ ఒకనికి ఒకడు ఆతిథ్యము చేయుడి” అని ఉంది. సణుగుకోకుండా అని పని కట్టుకుని రాయాల్సి వచ్చిందంటే, అప్పటికే ఎవరో బాగానే సణుగుతున్నారన్నమాట.

ప్రేమించమని ఎవరైనా ఆజ్ఞాపించగలరా?

పన్ను కట్టమనవచ్చు, అబద్ధం చెప్పొద్దనవచ్చు. ప్రేమించమంటే ప్రేమ పుడుతుందా? దీనికి 1785లో జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ ఇచ్చిన జవాబు సూటిగా ఉంటుంది. అభిమానంగా పుట్టే ప్రేమను ఎవరూ ఆజ్ఞాపించలేరు. కర్తవ్యంగా మేలు చేయడాన్ని మాత్రం ఆజ్ఞాపించవచ్చు. పొరుగువాణ్ణి, శత్రువును ప్రేమించమన్న లేఖన భాగాలను ఈ రెండో అర్థంలోనే తీసుకోవాలన్నాడు. డెన్మార్క్ రచయిత సోరెన్ కీర్కెగార్డ్ 1847లో ఇంకో వైపు నుంచి వచ్చాడు. ప్రేమ కర్తవ్యమైనప్పుడే అది మారిపోకుండా నిలుస్తుంది. నచ్చినంత కాలమే ఉండే ప్రేమ, నచ్చకపోయిన రోజున పోతుంది. పోప్ బెనెడిక్ట్ 16 తన 2005 నాటి లేఖలో, దేవుడే ముందు ప్రేమించాడు కాబట్టి మన ప్రేమ కేవలం ఆజ్ఞకు లోబడడం కాదు, అందుకున్న ప్రేమకు స్పందన అన్నారు.

మార్టిన్ లూథర్ కింగ్ చెప్పిన తేడా వీటన్నిటికన్నా సామాన్యులకు అందుతుంది. 1956 జనవరిలో మాంట్‌గోమరీలో ఆయన ఇంటి మీద బాంబు పడింది. మరుసటి సంవత్సరం నవంబరులో అదే ఊళ్లో, తన సంఘంలో శత్రువులను ప్రేమించడం గురించి ప్రసంగించారు. యేసు మీ శత్రువులను ఇష్టపడమనలేదు, ప్రేమించమన్నాడు అన్నది అందులో వివరించిన తేడా. ఇంటి మీద బాంబు వేసినవాణ్ణి ఇష్టపడటం ఎవరి వల్లా కాదు. అవకాశం వచ్చినా అతణ్ణి నాశనం చేయకపోవడం, అతని మేలు కోరడం మాత్రం మనిషి తీసుకోగల నిర్ణయం.

ఇవేవీ సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు రుచించలేదు. 1930లో ఆయన లేవనెత్తిన అభ్యంతరం తేలిగ్గా తీసిపారేసేది కాదు. నా ప్రేమ విలువైనది, దాన్ని ముక్కూమొహం తెలియనివాడికి కూడా సమానంగా పంచితే నావాళ్లకు అన్యాయం చేసినట్టే కదా అన్నాడు. సాటి మనిషి స్వభావంలో ఉన్న దౌర్జన్యాన్ని చూడకుండా ఈ ఆజ్ఞ మోయలేని బరువు పెడుతోందని కూడా అన్నాడు. అందరినీ ప్రేమించడం గురించిన అభ్యంతరంగా ఇది గట్టిదే. ‘ఒకరినొకరు’ అన్న ఆజ్ఞకు మాత్రం ఇది సగమే తగులుతుంది. అక్కడ అవతలివాడు ముక్కూమొహం తెలియనివాడు కాదు. వారం వారం పక్కన కూర్చునేవాడు. అదే అసలు కష్టం అనేవాళ్లూ ఉన్నారు! జర్మన్ పాస్టర్ డీట్రిచ్ బాన్‌హోఫర్ 1939లో అచ్చయిన పుస్తకంలో రాసింది ఈ కోవలోదే. సంఘం ఇలా ఉండాలని తాను కన్న కలను, ఉన్న సంఘం కంటే ఎక్కువగా ప్రేమించేవాడు చివరికి ఆ సంఘాన్నే ధ్వంసం చేస్తాడన్నాడు.

లోపలివాళ్లకే పరిమితమా?

పండితుల్లో తీవ్రంగా నడిచిన వాదన ఇది. 20వ శతాబ్దపు జర్మన్ పండితుడు ఎర్న్‌స్ట్ కేజమన్ లాంటివారు యోహాను సువార్తలోని ప్రేమ సంఘం గడప దాటదని వాదించారు. ఆ సువార్తలో శత్రువును ప్రేమించమన్న మాట లేదు, మంచి సమరయుని కథా లేదు. పైగా యోహాను రెండో పత్రిక, ఒకరినొకరు ప్రేమించమని చెప్పిన కొద్ది వచనాలకే, ఈ బోధ తీసుకురానివాణ్ణి ఇంట్లోకి రానివ్వొద్దు, శుభమని కూడా చెప్పొద్దు అంటుంది. పదమూడు వచనాల చిన్న పత్రికలో ఈ రెండూ పక్కపక్కనే ఉండటం మింగుడుపడని విషయమే.

అవతలి పక్షం చెప్పేది ఇలా ఉంటుంది. ఆ రోజుల్లో ఊరూరా తిరిగే బోధకులకు ఇల్లే సత్రం, ఇల్లే సభాస్థలం. ఇంట్లో చేర్చుకోవడమంటే ఆ బోధకు వేదిక ఇవ్వడమే. ఆకలితో వచ్చిన బాటసారిని తరిమేయమని దానర్థం కాదు. పైగా అదే సువార్తలో దేవుడు ప్రేమించింది ‘లోకాన్ని’. లోపలి ప్రేమను చూసి తెలుసుకోవాల్సింది కూడా బయటి ‘అందరూ’. కాబట్టి లోపలి ప్రేమ ముగింపు కాదు, మొదలు అంటారు.

తొలి తరం బోధకుడు పౌలు గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం 10వ వచనం రెంటినీ ఒక్క వాక్యంలో ఇమిడ్చింది. అందరికీ మేలు చేయండి, విశేషంగా విశ్వాస గృహానికి చేరినవారికి. ‘అందరికీ’ మీద వేలు పెట్టేవాళ్లు ఒకవైపు, ‘విశేషంగా’ మీద వేలు పెట్టేవాళ్లు ఇంకోవైపు నిలబడతారు.

సమరయుని కథ విషయంలో చాలామంది జారవిడిచే మలుపు ఒకటుంది. ధర్మశాస్త్ర బోధకుడు అడిగింది “నా పొరుగువాడెవడు?” అని. అంటే నేనెవరిదాకా ప్రేమిస్తే చాలు, గీత ఎక్కడ గీయాలి అని. యేసు గీత గీయలేదు. కథంతా చెప్పి, దొంగల చేతిలో చిక్కినవాడికి ఆ ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడు అని తిరిగి అడిగాడు. సమరయులకూ యూదులకూ పొసగని రోజుల్లో మెచ్చదగ్గ పాత్రను సమరయుడికే ఇచ్చాడు. ఆ సమరయుడు కట్టు కట్టి, తన పశువు మీద ఎక్కించి, పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. దేనారమంటే అప్పటి రోజు కూలి. తన ప్రయాణం మానుకోలేదు, మొత్తం ఆస్తీ ఇవ్వలేదు. కొలత తెలిసిన దయ అది.

ప్రేమలో వరుస ఉందా?

వాన్స్ మాటకు ఆధారం పూర్తిగా లేకపోలేదు. ‘ప్రేమల క్రమం’ అన్న ఆలోచన 4, 5 శతాబ్దాల ఉత్తరాఫ్రికా బిషప్ అగస్టీన్‌ది. కానీ ఆయన ఏమన్నాడో చూస్తే ఎవరికీ పూర్తి ఊరట దొరకదు. మనుషులందరినీ సమానంగానే ప్రేమించాలి అంటాడు మొదట. అయితే అందరికీ మేలు చేయడం నీ వల్ల కాదు కాబట్టి, స్థలం వల్లనో కాలం వల్లనో మరో పరిస్థితి వల్లనో నీకు దగ్గరగా వచ్చినవాళ్లను ముందు చూడమంటాడు. ఆ దగ్గరితనం ఒక రకమైన చీటీ మాత్రమే అంటాడు. ఉదాహరణ కూడా ఇస్తాడు. నీ దగ్గర ఒకరికి మాత్రమే సరిపడే వస్తువు అదనంగా ఉంది. ఇద్దరు వచ్చారు. అవసరంలో గానీ నీతో సంబంధంలో గానీ ఒకరికన్నా ఒకరు ఎక్కువ కాదు. అప్పుడు చీట్లు వేసి తేల్చడం కన్నా న్యాయమైన పని లేదు. జీవితంలో కొందరు మనకు దగ్గర కావడం కూడా అలా పడ్డ చీటీయే. అంటే బంధువు ఎక్కువ విలువైనవాడని కాదు. నీ చేతికి అందే దూరంలో పడ్డవాడు, అంతే.

13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ దీన్ని మరింత పద్ధతిగా రాశాడు. దగ్గరివాళ్లకు ముందు చేయాలన్నది సాధారణ సూత్రం. వెంటనే మినహాయింపు పెట్టాడు. ప్రాణాపాయంలో ఉన్న పరాయివాడికి, అంత అవసరం లేని సొంత తండ్రికన్నా ముందు సాయం చేయాల్సిన సందర్భాలుంటాయని. ఎంత దగ్గర, ఎంత అవసరం అన్న రెండు తక్కెళ్లను అన్ని సందర్భాలకూ సరిపోయేలా ముందే తూచి చెప్పలేమని, అది వివేకవంతుడి నిర్ణయానికి వదలాలని కూడా అన్నాడు.

ఇప్పుడొక సందర్భం ఊహించుకుందాం. ఒకరి చేతిలో కొంత డబ్బుంది. కొడుకు పైచదువుకు దాచింది. అదే సమయంలో వాళ్ల సంఘంలో ఒకాయనకు ఉద్యోగం పోయి ఇల్లు గడవడం లేదు. పక్క వీధిలో, ఏ సంఘానికీ చెందని ఒక పసిబిడ్డకు వెంటనే ఆపరేషన్ కావాలి. వాన్స్ చెప్పిన వరుసను అక్షరాలా తీసుకుంటే ముందు కొడుకు, తర్వాతే మిగతా ఇద్దరూ. అక్వినాస్ లెక్కలో ఆ బిడ్డ అవసరం ప్రాణానిది, కొడుకు చదువు ఇంకో ఏడాది ఆగగలిగేది, కాబట్టి వరుస తలకిందులవుతుంది. మరి ఆ కొడుక్కి కూడా ప్రాణాపాయమైతే? అప్పుడు అతనే ముందు, దానికి ఎవరూ తప్పుపట్టరు. సొంతవారిని సంరక్షించనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని తిమోతి మొదటి పత్రిక 5వ అధ్యాయమే అంటుంది. తల్లిదండ్రులకు చెందాల్సింది దేవుడికి అర్పించేశామని తప్పించుకునేవారిని యేసు మందలించిన సంగతి మార్కు 7వ అధ్యాయంలో ఉంది. అదే యేసు, దేవుని చిత్తం చేసేవాళ్లే నా తల్లి, నా సహోదరులు అని తన కుటుంబం గుమ్మం బయట నిలబడి ఉండగా అన్నాడు.

నా మటుకు నాకు తోచేదేమిటంటే, వరుస ఉందన్నది నిజం. అది ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెబుతుంది. ఎక్కడ ఆగాలో చెప్పదు. వలస విధానం మీద ఏ నిర్ణయం సరైనదన్నది ఈ సూత్రంలోంచి నేరుగా ఊడిపడదు. కానీ చివర ఉన్నవాడి దగ్గరికి వంతు ఎప్పటికీ రాకుండా చూసుకోవడానికి ఈ వరుసను వాడితే, దాన్ని రాసిన ఇద్దరికీ అది తెలియని వాదన.

ప్రేమకు పద్దులు రాయాల్సి వచ్చినప్పుడు

యెరూషలేములోని మొదటి విశ్వాసులు ఆస్తులమ్మి అందరూ పంచుకున్నారని అపొస్తలుల కార్యములు 2, 4 అధ్యాయాలు చెబుతాయి. అదే గ్రంథం 6వ అధ్యాయం మొదట్లోనే ఫిర్యాదు. రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని. ప్రేమ ఉంటే చాలు, అన్నీ సర్దుకుంటాయని అపొస్తలులు (యేసు ముఖ్య శిష్యులు) అనలేదు. ఆ పనికి ఏడుగురిని ఏర్పాటు చేశారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే కావడం గమనించదగ్గది.

తిమోతి మొదటి పత్రిక నాటికి నిబంధనలు పెరిగాయి. విధవరాండ్ర పట్టికలో చేరడానికి అరవయ్యేళ్లు నిండాలి. పిల్లలో మనవలో ఉంటే ముందు వాళ్లు చూసుకోవాలి, సంఘం మీద భారం వేయకూడదు. పని చేయడానికి ఇష్టపడనివాడు భోజనం చేయకూడదని థెస్సలొనీకయుల రెండో పత్రిక. తొలి శతాబ్దాల సంఘ నియమావళి డిడాకే మరీ నిక్కచ్చి. తిరుగుతూ వచ్చే అపొస్తలుడు ఒకరోజు ఉండవచ్చు, అవసరమైతే రెండో రోజు. మూడోరోజూ ఉంటే అబద్ధ ప్రవక్త. వెళ్తూ డబ్బడిగితే కూడా అబద్ధ ప్రవక్తే!

ఇంత జాగ్రత్త ఎందుకో 2వ శతాబ్దపు వ్యంగ్య రచయిత లూసియన్ చెబుతాడు. క్రైస్తవుల మధ్య చేరిన పెరిగ్రినస్ అనే వేషధారి చెరసాలలో పడితే, తెల్లారేసరికి వృద్ధ విధవరాండ్రు, అనాథలు గుమ్మం ముందు కాచుకుని ఉండేవాళ్లట, భోజనాలు వచ్చేవట, డబ్బు వచ్చిపడేదట. లోకం తెలిసిన ఏ మోసగాడైనా ఈ అమాయకుల దగ్గర త్వరగా డబ్బు చేసుకోవచ్చని లూసియన్ ఎగతాళి. శత్రువు రాసిన ఎగతాళి కాబట్టే అది విలువైన సాక్ష్యం.

4వ శతాబ్దంలో పాత దేవతల ఆరాధనను తిరిగి నిలబెట్టాలని చూసిన రోమన్ చక్రవర్తి జూలియన్ ఫిర్యాదు దీనికి జోడీ. ఈ ‘గలిలయులు’ (క్రైస్తవులు) తమ పేదలనే కాదు, మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్లకు మననుంచి సాయం అందడం లేదని అందరికీ కనబడుతోంది అని తన పూజారికి రాశాడు. ‘ఒకరినొకరు’ గడప దాటిందా లేదా అన్న ప్రశ్నకు గ్రంథం బయట దొరికే జవాబుల్లో ఇదొకటి.

గ్రీసు నగరం కొరింథులో మాత్రం అలా జరగలేదు. అక్కడ ప్రభువు భోజనానికి, అంటే యేసు చివరి భోజనాన్ని గుర్తుచేసుకునే విందుకు, కూడినప్పుడు ఉన్నవాళ్లు ముందే తినేసేవారు, లేనివాళ్లు ఆకలితో మిగిలేవారు. పౌలు వాళ్లను తిట్టిపోసిన పత్రికలోనే, రెండు అధ్యాయాల తర్వాత, పెళ్లిళ్లలో అందరూ చదివే “ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును” వస్తుంది. అది దంపతుల కోసం రాసింది కాదు. భోజనం దగ్గర, వరాల దగ్గర, కోర్టుల దగ్గర పోట్లాడుకుంటున్న సంఘానికి రాసింది.

‘ప్రేమతోనే కొట్టాను’ అన్నప్పుడు

“ప్రేమించు, ఆపై నీకు నచ్చింది చెయ్యి” అన్న అగస్టీన్ మాట చాలా ప్రసిద్ధం. దాన్ని స్వేచ్ఛా మంత్రంలా వాడతారు. ఆయన ఆ మాటన్న సందర్భం వేరు. యోహాను మొదటి పత్రిక మీద 5వ శతాబ్దం తొలి ఏళ్లలో ఇచ్చిన ప్రసంగం అది. తండ్రి కొడుకుని కొడతాడు, పిల్లల్ని ఎత్తుకెళ్లి అమ్మేవాడు బుజ్జగిస్తాడు. పని చూస్తే కొట్టడం చెడ్డది, బుజ్జగించడం మంచిది. ఉద్దేశం చూస్తే తారుమారు. కాబట్టి మౌనంగా ఉన్నా ప్రేమతో ఉండు, గద్దించినా ప్రేమతో గద్దించు అన్నాడు.

ఇక్కడిదాకా సబబే. కానీ అప్పుడు ఉత్తరాఫ్రికాలో డోనటిస్టులనే వేరుపడిన క్రైస్తవుల మీద రోమన్ ప్రభుత్వం చట్టాలు ప్రయోగిస్తోంది. మొదట్లో బలప్రయోగం వద్దన్న అగస్టీన్, 408 ప్రాంతంలో రాసిన లేఖలో తన మనసు మారిందని, ఆ ఒత్తిడి వల్ల చాలామంది తిరిగొచ్చారని సమర్థించాడు. ప్రేమతో చేసే బలవంతం వాళ్ల మేలుకే అన్నది వాదన. తర్వాతి శతాబ్దాల్లో ఈ వాదనను ఆయన ఊహించనంత దూరం లాక్కెళ్లారు. ఉద్దేశం ఒక్కటే కొలబద్ద అయితే, కొట్టేవాడి ఉద్దేశాన్ని కొట్టేవాడే ప్రకటించుకుంటాడు. ఇది ఆయన సూత్రంలోని లోటు అనే నేననుకుంటాను. మత్తయి 18వ అధ్యాయంలోని పద్ధతి ఈ లోటును కొంత పూడుస్తుంది. ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. అక్కడ గద్దించేవాడి మాటకు కూడా సాక్షులు కావాలి.

క్షమించమని ఎవరితో చెబుతున్నారు?

“ప్రేమ అనేక పాపములను కప్పును” అని పేతురు మొదటి పత్రిక. తోటివాడి చిన్న చిన్న లోపాలను చాటింపు వేయకుండా ఉండటం గురించి రాసిన ఈ మాటను, నేరాలను బయటికి పొక్కకుండా కప్పిపుచ్చడానికి వాడిన సందర్భాలు సంఘాలకు కొత్త కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సంఘంలో ఒకావిడ దాచుకున్న డబ్బును తోటి విశ్వాసి వ్యాపారంలో పెడతానని తీసుకుని ఎగ్గొట్టాడు. ఆవిడ కోర్టుకెళతానంటుంది. పెద్దలు కొరింథీయుల మొదటి పత్రిక 6వ అధ్యాయం తెరిచి, అన్యాయం సహించడం మేలు కదా అన్న 7వ వచనం చదివి వినిపిస్తారు. వచనం ఉన్నమాట నిజమే. అయితే దాని కింద 8వ వచనం, మీరే అన్యాయం చేస్తున్నారు, మోసం చేస్తున్నారు, అదీ మీ సహోదరులకే అంటుంది. అది ఎగ్గొట్టినవాడికి చదవాల్సింది. పైన 5వ వచనం, సహోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడూ లేడా అంటుంది. అది పెద్దలకు. మూడు వచనాల్లో మూడు పక్షాలకూ పని ఉంది. ఒకదాన్నే, అదీ నష్టపోయిన మనిషికే చదివితే, ‘ఒకరినొకరు’ అన్నది ఒకవైపు రాకపోకలు మాత్రమే జరిగే దారి అవుతుంది.

డబ్బు సంగతి ఇలా ఉంటే, ఇంట్లో దెబ్బలు తింటున్న భార్యకు సహనం బోధించే సందర్భంలో ప్రాణమే పణంగా ఉంటుంది. క్షమించడం వేరు, మళ్లీ అదే ఇంట్లో అదే మనిషి చేతికి చిక్కడం వేరు అని చాలామంది సలహాదారులు ఇప్పుడు స్పష్టంగా చెబుతున్నారు. క్షమ విషయంలో బోధకుల మధ్య భేదముంది. డెబ్బది ఏళ్ల మారులు (అంటే డెబ్బై ఏడుల సార్లు) క్షమించమన్న మత్తయి మాటను పట్టుకుని, అవతలివాడు మారినా మారకపోయినా క్షమించాలని కొందరంటారు. లూకా 17వ అధ్యాయంలో, నీ సహోదరుడు తప్పు చేస్తే గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు అని ఉంది కదా, పశ్చాత్తాపం లేకుండా సఖ్యత ఎలా పూర్తవుతుందని ఇంకొందరంటారు. నేరం జరిగినప్పుడు చట్టాన్ని ఆశ్రయించడం ప్రేమకు విరుద్ధమని మాత్రం ఈ రెండు పక్షాల్లో ఏదీ అనాల్సిన అవసరం లేదు. అన్యాయం ఎదురైనప్పుడు పౌలే కైసరుకు (రోమన్ చక్రవర్తికి) అప్పీలు చేసుకున్నాడు.

ఇంకా లోతైన విమర్శ 1960లో అమెరికన్ పండితురాలు వాలెరీ సేవింగ్ చేశారు. పాపమంటే అహంకారం, ప్రేమంటే ఆత్మత్యాగం అని రాసినవాళ్లంతా మగవాళ్లు, అది వాళ్ల అనుభవం అన్నారు. అప్పటికే తనకంటూ ఏమీ మిగుల్చుకోకుండా ఇతరుల కోసం కరిగిపోతున్న స్త్రీకి ఇంకా త్యాగం చెయ్యమని బోధించడం మందు కాదు, రోగాన్ని పెంచడం. దీనికి జవాబుగా కొందరు సిలువను చూపిస్తారు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టడం కన్నా ఎక్కువ ప్రేమ లేదని యోహాను 15లో లేదా? ఉంది. అయితే అదే సువార్త 10వ అధ్యాయంలో, నా ప్రాణం ఎవడూ నా దగ్గర తీసుకోడు, నా అంతట నేనే పెడుతున్నాను అని కూడా ఉంది. ఇచ్చేవాడు ఇవ్వడానికీ, ఇంకొకడు లాక్కుని దానికి త్యాగమని పేరు పెట్టడానికీ మధ్య తేడా అక్కడుంది.

సిద్ధాంతం దగ్గర ఆగిపోయే ప్రేమ

1529 అక్టోబరులో జర్మనీలోని మార్‌బర్గ్ కోటలో జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్, జ్యూరిచ్ సంస్కర్త హుల్‌డ్రిక్ జ్వింగ్లీ కలిశారు. పదిహేను అంశాల్లో పద్నాలుగింటికి ఒప్పుకున్నారు. పదిహేనోది ప్రభురాత్రి భోజనం. రొట్టె, ద్రాక్షారసాల్లో క్రీస్తు శరీర రక్తాలు నిజంగా ఉన్నాయా లేదా అన్నచోట ఇద్దరూ దిగిరాలేదు. ఏ భోజనం దగ్గర ఒకరినొకరు ప్రేమించమన్న మాట పుట్టిందో, ఆ భోజనమే అడ్డొచ్చింది. ఇద్దరూ సంతకం చేసిన కాగితంలో, ఈ విషయంలో ప్రస్తుతానికి ఏకాభిప్రాయం లేకపోయినా, మనస్సాక్షి అనుమతించినంత మేరకు ఇరుపక్షాలూ ఒకరిపట్ల ఒకరు క్రైస్తవ ప్రేమ చూపాలి అని రాసుకున్నారు.

ఆ ‘అనుమతించినంత మేరకు’ను ఒకరు పిరికితనమంటారు, ఇంకొకరు నిజాయితీ అంటారు. సత్యాన్ని పక్కనపెట్టి చూపే ప్రేమ ఉత్త మర్యాద అని లూథర్ వైపువారి వాదన. ప్రేమ లేకుండా పట్టుకున్న సత్యం మోగే కంచు అని అవతలివారు పౌలు మాటతోనే జవాబిస్తారు. యూరప్‌లోని లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలు ఈ విషయం మీద పాత ఖండనలు నేటి బోధకు వర్తించవని తేల్చుకుని, ఒకరి బల్ల దగ్గర ఒకరు కూర్చోవచ్చని ఒప్పందం చేసుకున్నది 1973లో, స్విట్జర్లాండ్‌లోని లాయెన్‌బర్గ్‌లో. మార్‌బర్గ్ తర్వాత 444 ఏళ్లకు. కేథలిక్కులకూ ప్రొటెస్టంట్లకూ మధ్య అలాంటి ఒప్పందం ఇంకా కుదరలేదు.